కట్టు విప్పినంక

తేనెపట్టు కోసం ఉట్నూర్ అడవిలో తాడు పట్టుకుని బండ ఎక్కి, జారిపడి చీలమండ విరగ్గొట్టుకున్న రాయమల్లుకు ఆ పొద్దున పిండికట్టు విప్పారు. ఇంటికొచ్చినా అతను పాదం నేలకు ఆనించడం లేదు. భార్య లస్మవ్వ ఎదురుగా కూర్చుంది.

"నొస్తుందా?"

"లేదు."

"మరి గట్ల వణుకుతున్నవేంది?"

"కండ్లు మూస్తే ఇంకా పడుతున్నట్టే ఉంటది. కాలు నిలిస్తే మళ్ల గా బండ ఎక్కాలె గదా."

"ఎవలెక్కుమన్నరు?"

"ఎక్కకుంటె ఏం తింటం?"

"జొన్న కోతకు ఇద్దరం పోదాం."

"ఊరోళ్లు నవ్వుతరు. తాడుండంగ ఎక్కవేందని అడుగుతరు."

"తాడేడున్నది? నువ్వు పడ్డనాడే పొయ్యిల పెట్టిన."

రాయమల్లు ఆమె భుజం పట్టుకున్నాడు. వణుకు తగ్గలేదు. అయినా పాదాన్ని మెల్లగా నేల మీద మోపాడు.