అట్లాస్ కొండలకి సోనామసూరి

ఇంతకు ముందు నేనేమీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, సరుకుల చీటీలు తప్ప కాగితం మీద పెన్ను పెట్టింది లేదు. ఇప్పుడు కూడా ‘నేను’ అని రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. అందుకని ‘పద్మ’ అనే రాస్తాను. పద్మ ఎవరో మీకెలాగూ తెలిసిపోతుంది. తెలిస్తే తెలియనివ్వండి.

పద్మ భర్త ఆంజనేయప్రసాద్. ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఆయన కబుర్లు వినని తెలుగిల్లు లేదు. మనిషి మంచివాడే, చెయ్యి పెద్దది, నోరు ఇంకా పెద్దది. ఏం చెప్పినా చివర్న “ఏం పద్మా?” అంటాడు. పద్మ తలూపాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఊపుతూనే ఉంది. ఆయన ఏమన్నాడో వినకుండానే ఊపడం కూడా అలవాటైపోయింది. మెడ అలిసిపోయిందిగానీ, ఆ సంగతి అడిగినవాళ్ళు లేరు.

ఆ ఆదివారం సాయంత్రం అదే ఊళ్ళో ఉండే స్నేహితురాలు ఉష వాళ్ళ ఇంటి వెనక చెక్క డెక్ మీద అందరూ టీలకి చేరారు. వచ్చే నెల కలిసి మొరాకో వెళ్తున్నారు. అక్కడ అట్లాస్ కొండలు, కొండల మీద బెర్బర్ తెగవాళ్ళ ఊళ్ళు. దారి చూపించడానికి లహ్సెన్ అని అక్కడి మనిషినే గైడుగా మాట్లాడింది ఉష. ఎవరెవరు శిఖరం దాకా నడుస్తారు, ఎవరెవరు కంచరగాడిదల మీద కింది ఊళ్ళు చూస్తూ వస్తారు, ఈ రోజే చెప్పండి, గాడిదల్ని మాట్లాడుకోవాలి అని ఆయన మెసేజ్ పెట్టాడు. ఉష టీ పోస్తూ అదే అడిగింది.

“నన్ను కూడా అడగాలా అమ్మా? శిఖరమే!” అన్నాడు ప్రసాద్.

పద్మ కప్పు కింద పెట్టేసింది. నిన్న పొద్దున ఇద్దరూ కలిసి, కార్లాపే పార్కింగ్ డెక్‌లో మూడో అంతస్తు ఎక్కేసరికి ఈ మనిషే రెండు కార్ల మధ్య కూలబడిపోయాడు. మొహం పాలిపోయింది, ఒళ్ళంతా చెమట. కాస్త తేరుకున్నాక నోరు తెరిచి మొదట అన్న మాట, “ఎవరికీ చెప్పకు.” డాక్టరు దగ్గరికి వెళ్దామంటే “ఎండ దెబ్బలే” అన్నాడు. నెత్తిన స్లాబు ఉన్నచోట ఎండెక్కడిదని పద్మ అడగలేదు. అడిగే ఓపిక లేకపోయింది. శిఖరం మీద మాత్రం పట్టుకోవడానికి కార్లుండవు కదా అని రాత్రంతా అనుకుంటూ పడుకుంది.

“అసలు ట్రెయినింగ్ అంటే ఏంటో తెలుసా లోకేష్?” ఆయన కుర్చీ ముందుకి జరిపాడు. “కొండ లేని ఊళ్ళో కొండెక్కడం నేర్చుకోవాలి, అదీ గొప్ప. మా ఇంటి దగ్గర ఆఫీసుల పార్కింగ్ డెక్ ఉందా, ఇంట్లో ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా ఉందా, దాన్ని తీసి బ్యాక్‌ప్యాక్‌లో పెట్టి, భుజాన తగిలించి ర్యాంపు ఎక్కడం మొదలెట్టా. మొదటి రోజు, అబద్ధమెందుకు, కొంచెం ఆయాసపడ్డా.”

“కొంచెమేనా అన్నా?” అన్నాడు లోకేష్. వరంగల్ కుర్రాడు, ఉష ఆఫీసులోనే చేస్తాడు.

“కొంచెమే. రెండో వారానికి బస్తా తేలికైపోయింది. మూడో వారానికి ఇంకా తేలిక. ఇప్పుడు చిటికెన వేలికి తగిలించుకుని ఎక్కేస్తున్నా. కండ పట్టడమంటే అలా ఉండాలి. ఏం పద్మా?”

పద్మ తలూపింది. బస్తా తేలికైన మాట నిజమే.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? డెక్ నాకు చాలట్లేదు. ఇలా కాదని ఓ రోజు పొద్దున్నే పైలట్ మౌంటెన్‌కి డ్రైవ్ చేసుకెళ్ళా. స్టవ్ మీద పాలు పెట్టి వెళ్ళానా, కొండెక్కి దిగి ఇంటికొచ్చేసరికి అప్పుడే పొంగబోతున్నాయి.”

“గాడికి పోనీకే రెండు గంటలు పడ్తది గదనే!” అన్నాడు లోకేష్.

“నువ్వు స్పీడ్ లిమిట్ చూసుకుంటూ పోతావు కాబట్టి. విను. సగం కొండలో ఎలుగుబంటి అడ్డమొచ్చింది. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశా. ఇద్దరం కాసేపు మొహమాటపడ్డాం. చివరికి నేనే పద్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా తీసి మూత తెరిచా. చక్కగా కూర్చుని తింది, పల్లీలు మాత్రం ఏరి నాకిచ్చింది.”

ఉష కూతురు అవని కళ్ళు పెద్దవి చేసింది. కాలేజీ నుంచి సెలవులకి వచ్చింది. “అంకుల్, బేర్‌కి స్పైసీ అవ్వలేదా?”

“ఎందుకవదు తల్లీ, నీళ్ళడిగింది. ఇచ్చా. ఆ విశ్వాసంతో నా వెనకే బయల్దేరింది. కానీ పాపం, నా నడకేంటి, దాని నడకేంటి? ఆయాసంతో కూర్చుండిపోయింది. వదిలేసి ఎలా వస్తాం? భుజాన వేసుకున్నా.”

“బియ్యం బస్తా ఉండంగనే?”

“బస్తా మీదే కూర్చోబెట్టా, మెత్తగా ఉంటుందని. దిగేటప్పుడు ఎంత స్పీడ్‌గా దిగానంటే నా నీడ పైనే ఉండిపోయింది. అది వచ్చేదాకా కారు దగ్గర నిలబడ్డా. ఏం పద్మా?”

పద్మ తలూపింది. డెక్ అంతా నవ్వులు. నవ్వులంటే ఆయనకి పండగ. మరో కప్పు టీ అందుకున్నాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? లహ్సెన్ వీడియో కాల్ చేశాడు. సార్, మీ పిక్కలు ఓసారి చూపించండి అన్నాడు. చూపించా. మనిషికి నోట మాట లేదు. ఫోన్ పట్టుకెళ్ళి వాళ్ళ ఊరి పెద్దలకి చూపించాడు, గాడిదలక్కూడా చూపించాడు. అవి సిగ్గుతో తలలు దించుకున్నాయి.”

“పైన గాలి పల్చగా ఉంటుందట కదా అన్నయ్యగారూ?” అంది ఉష. ఆమె గొంతులో నిజంగానే కాస్త బెరుకుంది.

“నేనొస్తే ఇంకా పల్చనవుతుందమ్మా. నేను గట్టిగా పీలిస్తే మీకేం మిగులుతుంది? అందుకే ఒప్పందం చేసుకున్నా, నేను పది అడుగులకోసారే ఊపిరి తీసుకుంటానని. ఇక ఆ శిఖరమంటారా, మీలాంటివాళ్ళకి మరీ ఎత్తనిపిస్తే నేను ముందెక్కి, పైన నిలబడి కాలితో ఓ తొక్కు తొక్కుతా. కాస్త పొట్టిదవుతుంది. ఏం పద్మా?”

ఉష నవ్వుతూనే ఫోన్ తీసింది. “సరే, ప్రసాద్ గారు శిఖరం అని పెట్టేస్తున్నా మరి.”

పద్మ తలూపలేదు.

“ఏం పద్మా?” అన్నాడాయన మళ్ళీ. ఇలా రెండుసార్లు అడగాల్సి రావడం ఆయనకిదే మొదలు.

“బస్తాలో బియ్యం లేవండీ,” అంది పద్మ.

నలుగురి ముందు ఆమె గొంతు ఎవరూ పెద్దగా విన్నది లేదు. అందరూ తిరిగి చూశారు. ఇక ఆపితే మళ్ళీ అనలేనని ఆమెకి తెలుసు.

“ఇంట్లో ఉన్నది ఆ బస్తా ఒక్కటే కదా. మీరు బ్యాగులో పెట్టుకున్న రోజు నుంచీ అన్నానికి దాంట్లోంచే కొలుస్తున్నాను. తేలికైందని మీరు మురిసిపోతుంటే చెప్పడమెందుకులే అనుకున్నా. నిన్న మీరు కూలబడినప్పుడు దాంట్లో రెండు గ్లాసులే ఉన్నాయి.”

“అంటే, మోసిందంతా నువ్వే తిన్నవానే అన్నా!” లోకేష్ పొట్ట పట్టుకున్నాడు. అవని కుర్చీలో వెనక్కి పడి నవ్వింది. ఉష ఒక్కతే నవ్వలేదు.

“కూలబడ్డమేంటి వదినా?”

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“ఎండ…” అని మొదలెట్టాడు ప్రసాద్. పద్మ ఆయన వైపే చూసింది. కోపంగా కాదు. అలిసిపోయిన మనిషి చూసినట్టు. ఆయన ఆ మాట అక్కడే వదిలేసి, ఖాళీ అయిన టీ కప్పు పక్కన పెట్టాడు.

“ఉషా,” అన్నాడు చివరికి, “నాకో గాడిదని చెప్పమ్మా. కాస్త బలమైనది.”

“బలమైనదెందుకు అంకుల్?” అంది అవని.

“నన్నే కాదు తల్లీ, నా కబుర్లు కూడా మోయాలిగా.”

ఉష మెసేజ్ పంపేసింది. ఇద్దరూ కారులో ఇంటికి బయల్దేరారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ముందుకే చూస్తూ అడిగాడాయన.

“రెండు గ్లాసులేనా?”

“ఒకటిన్నర,” అంది పద్మ. “వాళ్ళముందు కాస్త ఎక్కువే చెప్పాను.”

మర్నాడు పొద్దున పద్మ తనకొచ్చిన ఇంగ్లీషులోనే డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి మధ్యాహ్నానికి టైమ్ తీసుకుంది. ఇండియన్ స్టోర్ తలుపు తీసేసరికి వెళ్ళి కొత్త బస్తా తెచ్చింది. సగం వంటింటి డబ్బాలో పోసి మూత బిగించింది. మిగిలిన సగం బ్యాక్‌ప్యాక్‌లో పెట్టి, తనే భుజాలకి తగిలించుకుంది. మోయలేనేమో అనుకుంది, మోయగలిగింది. పార్కింగ్ డెక్ దగ్గరికెళ్ళి, ప్రసాద్‌ని కింద బెంచీ మీద నీళ్ళ బాటిల్‌తో కూర్చోబెట్టి ర్యాంపు ఎక్కడం మొదలెట్టింది.

మూడో అంతస్తులో ఆగి గోడ మీంచి వంగి చూస్తే, కుక్కని తిప్పుకుంటున్న ఎవరో తెల్లాయన్ని ఆపి ఈయన చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. పైకి వేలు చూపించి, ‘ఏం పద్మా?’ అన్నట్టు గడ్డం ఎగరేశాడు. ఆ మాటలు అంత పైకి వినపడలేదు.

పద్మ తలూపలేదు. చెయ్యి ఊపి, పై అంతస్తుకి ఎక్కింది.