బాపు నడుము మీద నా కాలు

"అవ్వా, డాక్టరు ఆపరేషన్ అంటున్నడు. నువ్వు ఎదురుకాళ్ళతోని పుట్టినవట గదా. గా కోతకు ముందుగాల ఒక్కసారి నా నడుము తొక్కరాదూ?"

ఏందీ? నేనా? తొక్కుడా? ఓయమ్మో, ఎవరు చెప్పిండ్రే నీకు, మీ అమ్మనా? లే, గా చాప మీదికెళ్ళి లే! ఆఁ, లేవకు లేవకు, నొప్పాయె. గట్లనే పండుకొని ఇను. గా నోటుబుక్కు తీసినవ్, రాస్తవా? రాయి మరి. గిది ఇన్నేండ్లల్ల నేను ఎవ్వరికీ చెప్పలే.

మా బాపు కామారెడ్డిల హమాలి. బెల్లం గంజిల, గదే బెల్లమమ్మే మార్కెట్ల, బస్తాలు మోస్తుండె. ఎట్ల మోస్తుండె అనుకున్నవ్! రెండు బస్తాలు ఈపు మీదికెత్తుకొని రైలు డబ్బాల దాంక ఉరుకుతుండె. మేము టేషన్ ఎనుక ఉంటుంటిమి. నాకు ఒక్కకాడ నిలువ బుద్ధి గాకపోవు. బాపుకు సద్ది తీస్కపోతినా, టేషన్ బోర్డు ముంగట నిలబడి గా అక్షరాలు మట్టిల గీస్తుంటి. గట్లనే సదువొచ్చింది నాకు, బడి లేదు గిడి లేదు. సరే, గది ఇడువు.

ఎదురుకాళ్ళంటే తెలుసు గదా? అందరు తలకాయతోని పుడితె కొందరు కాళ్ళతోని ముందుగాల వస్తరు. గసొంటోళ్ళు పొద్దు పొడువంగ మూడుసార్లు మడిమె పెట్టి తొక్కితె నడుము పట్టు ఇడుస్తదని అందరి నమ్మకం. తొక్కేటప్పుడు ఇద్దరు మాట్లాడొద్దు. పైసలు తీస్కోవద్దు, తీస్కుంటె కాలు గుణం పోతది. అగో, నాకు ఎంత గిరాకి ఉండె! ఆదివారం, బేస్తారం మా ఇంటి ముంగట నడుములు పట్టుకొని నిలబడేది జనం. రామారెడ్డి ఊరికెళ్ళి బండ్లు కట్టుకొని వస్తుండిరి. నాకు పదమూడు... కాదు, పద్నాలుగేండ్లు. పెద్ద పెద్ద పటేండ్లు నా కాళ్ళ కింద బోర్ల పండుకుంటుంటె ఎట్లుంటదో చెప్పు! పైసలు లేకున్నా బెల్లం గడ్డ పెడుతుండిరి. నా పండ్లు గిట్ల అయినయి గందుకే.

జర్మనోని లడాయి షురువైన ఏడు, బాపు బస్తా ఎత్తబోయి గట్లనే కుప్పకూలిండు. నడుముల పట్టిన నొప్పి ఎడమ కాలు బొటనేలు దాంక గుంజుతుండె. నాలుగు నెలలు! వావిలాకు ఉడకబెట్టి కాపడం పెట్టినం. ఇటుక కాల్చి బట్టల చుట్టి పెట్టినం. దోమకొండల ఒకాయన ఇచ్చిన నూనె రాసినం. తాడ్వాయికి తీస్కపోయి వాతలు పెట్టిచ్చినం. ఈపు మీద కాల్చిన మచ్చలు అయినయి గని నొప్పి ఇంచు కదలలే.

ఆఖరికి దవాఖానకు తీస్కపోతె డాక్టరు కాలు లేపి, సూదితోని గుచ్చి చూసి అన్నడు, "లోపల నరం ఒత్తుకుంటున్నది. పట్నం పెద్ద దవాఖానకు పోండ్రి, కోసుడు పడుతదో ఏమో వాళ్ళే చెప్తరు. ఒక్క మాట, ఎవ్వరితోని తొక్కియ్యకుండ్రి. రెండు కాళ్ళు పడిపోతయి."

ఇంటికొచ్చినంక బాపు ఏమన్నడో తెలుసా? "కోసుడొద్దు గీసుడొద్దు. ఇంట్ల బిడ్డ ఉండంగ పట్నమెందుకు? రేపు పొద్దుగాల తొక్కు బిడ్డా."

నేను ఎగిరిన! నిజం చెప్తున్న, ఎగిరిన. ఊరోళ్ళందరి నడుములు సక్కగ చేసిన, మా బాపును లేపనా? డాక్టరుకేం తెలుసు అనుకున్న.

తెల్లారింది. బాపు బోర్ల పండుకున్నడు. నేను కాలు కడుక్కుంటుంటె అమ్మ నా రెక్క పట్టి పొయ్యి కాడికి గుంజింది. "తొక్కకే. నువ్వు ఎదురుకాళ్ళ దానివి కాదు."

"మరెవరు?"

"మీ అక్క. నీకన్న ఏడాది ముందు, ఎల్లారెడ్డిల మా తల్లిగారింట్ల పుట్టింది. మూడొద్దులకే పోయింది. నువ్వు తలతోనే పుట్టినవ్."

ఇగో, గిట్లయింది. నేను నాలుగేండ్ల పిల్లనున్నప్పుడు ఎల్లారెడ్డికెళ్ళి ఒకాయన గంజికొచ్చి, "గీ పిల్లేనా గా ఎదురుకాళ్ళ పిల్ల?" అని అడిగిండట. అమ్మ కాదనలే. "కాదంటె అది సచ్చిపోయిందని చెప్పాలె. చెప్పబుద్ధి గాలే," అన్నది. "దాని పేరు మీద నాలుగు నడుములు బాగైతె కానీ అనుకున్న." ఏం అంటవే తల్లిని?

బాపు పిలిచిండు, "రా బిడ్డా, పొద్దెక్కుతున్నది."

పోయి పక్కకు కూసున్న. మాట్లాడొద్దు గదా తొక్కేటప్పుడు, నేను నోరు తెరవంగనే ఆయన తలకాయ తిప్పి చూసిండు. "బాపూ, నేను ఎదురుకాళ్ళ దాన్ని కాదు. నా కాలు ఉత్తకాలు. నేను తొక్క." ఇన్నొద్దులు తొక్కించుకున్నోళ్ళంత యాదికొచ్చిండ్రు, కండ్లల్ల నీళ్ళు. బాపు గోడ పట్టుకొని మెల్లగ పక్కకు తిరిగిండు. అటెనుక, "రైలు ఎన్నింటికే?" అన్నడు.

పోయినం! నేను, అమ్మ, బాపు. పట్నం డాక్టరు చూసి, "కాళ్ళల్ల సత్తువ ఉన్నది, కోసుడు ఆఖరుకు. ముందుగాల గిది చేద్దాం," అని చెక్కబల్ల మీద ఎల్లెలకల పండబెట్టి కాలుకు బరువు కట్టి గుంజిపెట్టిండు. రెండు నెలలు! బాపు నాతోని లొల్లి, "గీ బల్లకన్న బెల్లం బస్తాలే మెత్తగున్నయ్." నేను నవ్వుడు. రెండు నెలలకు లేసి నిలబడ్డడు చూడు... నేను అరిసిన అరుపుకు ఆ వార్డుల పేషెంట్లంత లేసి కూసున్నరు!

కోసుడు పడలే. బస్తాలు మాత్రం బందు, అటెనుక గంజిల కాటా కాడ కూసున్నడు.

కామారెడ్డి టేషన్ల దిగి ఆయన నడుసుకుంట వస్తుంటె అడిగిన, "బాపూ, నేను కాదని చెప్తె నీకు కోపం రాలేదా?" ఆయన ఆగిండు. "నాకు తెల్వదా బిడ్డా? పెద్దదాన్ని నా చేతులతోనే మట్టిల పెట్టిన."

"మరి తొక్కుమంటివి?"

"నీ కాలు మీద నమ్మకంతోని గాదు. కత్తంటె భయంతోని."

గదీ! గందుకే చెప్తున్న. నా కాలు అడుగుతున్నవంటె నీకు కూడ భయమైతున్నది, గంతే. భయమైతె భయమని చెప్పు, సిగ్గెందుకు? ఇంకో డాక్టరుకు చూపిద్దాం. కోయకుంట కాదా అని అడుగుదాం. కోయాలెనంటె నీ మంచం పక్కన నేను కూసుంట. తొక్కుడు మాత్రం... ఇగో చెయ్యి ఇయ్యి, మెల్లగ, ఒక పక్కకు తిరిగి లే. మా బాపు లేసినట్టు లేస్తవ్ బిడ్డా, నిటారుగ నడుస్తవ్, నూరేండ్లు... ఆఁ, గట్ల, మెల్లగ...