గడప మీద కెలాగాయి

స్త్రీ తన తలమీది కెలాగాయిని, అంటే పట్టు తలగుడ్డను, తీసి నేలమీద వేస్తే కత్తి దూసిన మగవాడు సైతం దాన్ని దాటి ముందుకు పోలేడని బాస్గల్ గ్రామంలో తరతరాల నమ్మకం. కెలాగాయిల మీద మైనపు అచ్చులు వేసే ఐనుల్లాకు ఆ నమ్మకం లేదు. ఒక ఉదయం, సుమ్‌గాయిత్ పట్నం వెళ్ళే మినీబస్సు కోసం చూస్తూ, అతడు తల్లి దుర్నిసాతో కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఇంకో రెండు రొట్టెలు పెట్టుకో నాయనా."

"సంచిలో చోటు లేదమ్మా."

"అచ్చులు తీసేస్తే ఉంటుంది."

"అచ్చులు నేనెందుకు తీసుకెళ్తాను? అవి పెదనాన్నవి. అందులో ఉన్నవి చినారాకి బూట్లు."

"దాని కాలు పెరిగి ఉంటుందిరా. నువ్వు పిల్లని చూసి రెండు చలికాలాలు."

"అందుకే పెద్దవి కొన్నాను."

"ఎంత పెద్దవి?"

"ఏమో. నీ కోడలు తెరావత్‌ని అడిగితే, వచ్చి కొలుచుకో అంది."

"ఇంకేమంది?"

"ఏముంది, రమ్మంది."

"అంతేనా?"

"ఈసారి రాకపోతే ఇంకెప్పుడూ రావద్దంది. వాళ్ళన్న బేకరీలో పని చూశాడట. సోమవారం చేరాలి. చేరకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు."

"టీ చల్లారుతోంది."

"అమ్మా, విన్నావా?"

"విన్నాను. విన్నాను కాబట్టే టీ చల్లారుతోందన్నాను. మీ పెదనాన్నకి చెప్పావా?"

"నిన్న రంగుల గదిలో చెప్పాను. వినపడనట్టు మైనం కలుపుతూ కూర్చున్నాడు. ఆఖరికి, 'ఈ పెళ్ళివాళ్ళ కెలాగాయిలు కానీ, చూద్దాం' అన్నాడు. పోయినేడు ద్రాక్ష కోతలు కానీ, చూద్దాం అన్నాడు. అంతకుముందు నాన్న పోయిన నలభయ్యో రోజు కానీ, చూద్దాం. ఆయన చూసేలోగా నా కూతురికి పెళ్ళవుతుంది."

"మెల్లగా మాట్లాడు. గోడ అవతల ఆయన ఇల్లే."

"ఇవతలిది మాత్రం ఎవరిదమ్మా?"

"ఇదీ ఆయనదే. అందుకే మెల్లగా అంటున్నాను."

"నేను వెళ్ళేటప్పుడు వెనకాల నీళ్ళు చల్లకు. చల్లితే మళ్ళీ రావాలంటారు."

"చల్లకపోతే అసలు రావు."

"నిన్ను తీసుకెళ్ళడానికి వస్తాను. అందాకా ఓపిక పట్టు."

"నిన్న సాయంత్రం వచ్చాడు."

"ఎవరు? పెదనాన్నా? ఏమన్నాడు?"

"కూర్చున్నాడు. బత్తాయి మురబ్బా బాగుందన్నాడు."

"బత్తాయి మురబ్బా మనింట్లో ఎక్కడుంది?"

"లేదు. అత్తిపండుది పెడితే బత్తాయి అనుకున్నాడు. చూపు అంత బాగుంది ఆయనకి."

"అమ్మా, అసలు సంగతి చెప్పు."

"నీ కాళ్ళ ముందు నన్ను కెలాగాయి వేయమన్నాడు. పెద్దమనుషుల్ని తీసుకొస్తానన్నాడు, చూడడానికి."

"వేస్తానన్నావా?"

"వేయనంటే ఈ చలికాలం నేనెక్కడుండాలి? వేస్తానన్నాను."

"వేయి మరి. నేను దాటేస్తాను. ఏముందమ్మా అందులో? పురుగు ఉమ్మిన దారం. దాని మీద మైనం గుద్దేది నేను, రంగులో ముంచేది నేను, వేణ్ణీళ్ళలో పెట్టి ఆ మైనం ఊడగొట్టేదీ నేనే. కుండ చేసినవాడు కుండకి దణ్ణం పెట్టినట్టు, దానికి నేను భయపడాలా?"

"దాటుతావా?"

"దాటుతాను."

"అయితే నీ పని నువ్వు చెయ్యి. నా పని నేను చేస్తాను. లే, వాకిట్లో దగ్గు వినపడుతోంది."

"సలాం దుర్నిసా. ఏరా ఐనుల్లా, మూట కట్టేశావే. ఈ పెదనాన్నకి ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"నిన్న చెప్పాను పెదనాన్నా."

"చెప్పావా? మైనం మరుగుతుంటే నాకు ఏదీ చెవికెక్కదు. సరే, గేటు దగ్గర మన పెద్దలు ముగ్గురున్నారు, నిలబెట్టి ఉంచడం మర్యాద కాదు. దుర్నిసా, అనుకున్న పని కానీ."

"ఉండండి బావగారూ. లోపలికెళ్ళి మంచిది కట్టుకొస్తాను."

"తలమీదున్నది చాలదా?"

"ఇది పొయ్యి దగ్గర కట్టుకునే నూలుగుడ్డ. దీన్ని వేస్తే మీ పెద్దలు నవ్విపోతారు."

"వెళ్ళిరా, తొందరగా. ఒరే, కూర్చో."

"నిలబడే ఉంటాను."

"నా చెయ్యి చూడు. చూశావా ఎలా వణుకుతోందో? అచ్చు పట్టుకుంటే వెంట్రుకవాసి జరుగుతోంది. మామిడిపిందె బుటా తల ఒకచోట, తోక ఒకచోట. మీ నాన్న ఈ పని నీకొక్కడికే నేర్పాడు. నువ్వెళ్ళిన రోజున రంగుల గదికి తాళం పెట్టుకోవాలి."

"పెట్టుకోండి."

"ఎంత తేలిగ్గా అన్నావురా. మా తాత వెలిగించిన పొయ్యి అది."

"పోయినేడు మీ అల్లుడికి నేర్పుతానన్నాను. వద్దన్నారు. ఇల్లు దాటి పోకూడదన్నారు."

"అల్లుడు పరాయివాడు."

"నేను మీ వాణ్ణి. అదే కదా నా ఖర్మ."

"నిన్ను కట్టేశానా? గొలుసు వేశానా? తలుపు తీసే ఉంది కదరా."

"తలుపులో మా అమ్మని నిలబెట్టి, తలుపు తీసే ఉందంటారు."

"వచ్చాను బావగారూ."

"ఆ ఎరుపు బాగుంది. పండగ కళ ఉంది. పెద్దలారా, కాస్త ఇటు చూడండి. దుర్నిసా, ఇక వెయ్యి."

"అమ్మా, వద్దు."

"పక్కకి జరుగు నాయనా, గాలి వీస్తోంది."

"అమ్మా."

"ముడి విప్పనీయండి ముందు. ఇదిగో."

"వేసింది. చూశారుగా అందరూ. సరిగ్గా గడప మీద పడింది. ఒరే ఐనుల్లా, అది గుడ్డ కాదు, మీ అమ్మ తల. ఇందాక నీ మాటలు గోడ అవతలికి వినపడ్డాయి. పురుగు ఉమ్మిన దారమన్నావు కదా. దాటు మరి."

"దాటుతాను."

"దాటు."

"దాటుతాను పెదనాన్నా, తొందరెందుకు?"

"తొందర నాకు లేదు. కింద మలుపులో హారన్ కొడుతున్నవాడికి ఉంది. ఏమిట్రా, కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డావు?"

"బస్సు వచ్చింది నాయనా. వెళ్ళు."

"దుర్నిసా, వేసినదానివి నువ్వే, వెళ్ళమనేదానివీ నువ్వేనా?"

"వేయమన్నారు, వేశాను. నోరు కూడా కట్టుకోమని మీరు చెప్పలేదు. ఐనుల్లా, కిందకి చూడు. సరిగ్గా చూడు. చూసి వెళ్ళు."

"చూస్తున్నానమ్మా."

"చూస్తే మరి కాలు తియ్యి."

"డ్రైవరు రెండోసారి కొడుతున్నాడు. వాడు మూడోసారి కొట్టడు, నాకు తెలుసు వాడి సంగతి."

"మీరు కాసేపు ఊరుకోండి బావగారూ. బాబూ, అటువైపు నీ కూతురుంది."

"తెలుసమ్మా."

"తెలిస్తే వెళ్ళు."

"సంచి కింద పెట్టాడు. చూశారా? పెట్టేశాడు. మా తమ్ముడి రక్తం రా నువ్వు, ఎక్కడికి పోతుంది? పెద్దలారా, పదండి, మా ఇంట్లో టీ తాగుదురుగాని. ఒరే, ఎండ ఎక్కాక రంగుల గదికి రా, పెళ్ళివాళ్ళవి మొదలుపెడదాం. దుర్నిసా, ఆ కెలాగాయి తీసి దులుపుకో, మట్టి అవుతోంది."

"అలాగే బావగారూ."

"వెళ్ళాడా అమ్మా?"

"వెళ్ళాడు."

"బస్సు?"

"అదీ వెళ్ళింది. ఆ దుమ్ము దానిదే."

"నువ్వు వంగకు, నడుం పట్టేస్తుంది. నేను తీస్తాను."

"వదిలెయ్. వంగి తీయాల్సినంత గుడ్డ కాదది. ఒకసారి ముట్టుకుని చూడు."

"ఎందుకు?"

"ముట్టుకోరా. నైలాను అది. ఇస్మాయిల్లీ సంతలో బండి మీద గుట్ట పోసి అమ్ముతారే, అక్కడ కొన్నాను. నా కెలాగాయి లోపల పెట్టెలో ఉంది, నేల ముట్టలేదు. నువ్వు దాటినా నా తల మీద కాలు పెట్టినట్టు కాదు. మీ పెదనాన్నకి ఈ చూపుతో తెలియదు, ఆ పెద్దలకి అసలే తెలియదు. ఈ ఊళ్ళో నీ ఒక్కడికి తెలుస్తుందనుకున్నాను."

"ముందే చెప్పొచ్చు కదా."

"చెబితే నీ మొహం మీద అచ్చు గుద్దినట్టు కనపడేది. ఆయన పట్టేసేవాడు. చూడు చూడు అని అంత మొత్తుకున్నాను కదరా. చూసి కూడా నీకు తెలియలేదా? ఇన్నేళ్ళు ఈ పని చేసి?"

"తెలిసిందమ్మా."

"ఎప్పుడు?"

"నీ చేతిలోంచి జారినప్పుడే. పట్టయితే గాలిలో ఆగి ఆగి దిగుతుంది. ఇది దబ్బున పడింది."

"తెలిసీ నిలబడ్డావా?"

"నిలబడ్డాను. గుడ్డ ఏదైతేనేం, వేసింది నువ్వే కదా."

గడప మీద పడింది కెలాగాయి కాదు. ఐనుల్లా దాన్ని దాటలేదు. ఆ తరువాత కూడా అతడు సుమ్‌గాయిత్ వెళ్ళలేదు.