నీళ్ళ మీద ఊదిన సీటీ

"తాతా, మేకుకి వేలాడుతున్న ఆ సీటీ ఒక్కసారి ఊదవా, ప్లీజ్?" అంటావు. ఊదను. ఎందుకూదనో చెబుతాను, కూచో. ఒలే గుంటా, ముందే చెప్తన్నాను, ఇందులో ఒక్క ముక్క అబద్ధమని తేల్చు చూద్దాం, ఈ మీసం తీయించుకుని సెక్టర్ సిక్స్ మార్కెట్టంతా తిరుగుతాను.

ఉక్కు ఫ్యాక్టరీలో నేనేటి మామూలు ఖలాసీననుకున్నావా? కింద నిలబడి ఈ సీటీ, అదే ఈల, ఊదితే పైన క్రేను నడిచేది. రెండు పొట్టివి ఊదితే ఎత్తు. ఒక్క పొడుగుది ఊదితే ఆగు, అంతే, ఎక్కడిదక్కడే. నలభై టన్నుల కరిగిన ఇనుము, కాదు కాదు, అరవై, నా ఒక్క ఊపిరికి గాల్లో నిలబడిపోయేది. రష్యావోడొకడు చూసి టోపీ తీసేశాడు. నవ్వకు. మీ నాన్న అప్పటికింకా పుట్టలేదు, నీకేటి తెలుస్తాది?

సరే, ఎక్కడికో పోయాను. ఎందుకూదనో తెలియాలంటే మీ నాన్నమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ కళ్ళకి కాలా మోతియా, అదే నీటికాసులు, అన్నారు. చుట్టూరా చూపు ఎప్పుడో పోయింది, మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు కాసింత మిగిలింది, అదీ ఉండదు, పోయింది తిరిగి రాదు, చూడాల్సినవేవో చూసేయండి అన్నాడు డాక్టరు. రిక్షాలో వస్తా వస్తా ఆవిడ అంది కదా, "యాభై ఏళ్ళబట్టి కోస్తన్నావు, మీ ఊరి సముద్రంలో తెల్లటి డాల్ఫిన్లు నీకు సలాం కొట్టేవని. ఒక్కదాన్ని చూపించు. తర్వాత ఎలాగూ చీకటే."

నీతో చెప్తే ఏటిలే. నేనూ అంతవరకూ ఒక్కదాన్నీ చూడలేదు. చిల్కా సరస్సులో అయితే తప్పకుండా కనపడతాయని ఎవరో అన్నారు.

దుర్గ్‌లో పూరీ వెళ్ళే రైలెక్కాం. పూరీ నుంచి పొద్దున్నే బస్సులో చిల్కా. అబ్బ, ఆ నీళ్ళు! ఎక్కడ చెరువు అయిపోయి ఎక్కడ సముద్రం మొదలవుతుందో తెలీదు. వలలు కట్టిన కర్రల మీద కొంగలు, వెయ్యి, ఉహూఁ, పదివేలు. ఇసక మీద ఎర్ర పీతలు. ఆవిడకేమో తలంతా తిప్పితే గానీ పక్కనున్నది కనపడదు. "ఏటున్నాయి, ఎటున్నాయి?" అని నా మోచెయ్యి పట్టుకునే కూచుంది.

నడి నీళ్ళలో పడవోడు ఇంజను ఆపేసి, "చుప్, అంకుల్" అన్నాడు. గాలి కూడా ఆగింది. అప్పుడు లేచింది చూడు, నిలువెత్తున, రెండు బారల దూరంలో. ఎడమవైపు. ఆవిడ కుడివైపు చూస్తోంది. గడ్డం పట్టుకుని ఇటు తిప్పుతున్నాను, తిప్పుతున్నాను, అది కిందికి దిగిపోతోంది. నా చెయ్యి జేబులోకి ఎప్పుడెళ్ళిందో నాకే తెలీదు. రిటైరైనా ఆ సీటీ జేబులోనే ఉండేది కదా. ఊదేశాను. ఒక్క పొడుగుది. ఆగవే! ఆవిడ కన్ను వెతుక్కునేదాకా అక్కడే ఆగవే!

ఆగుతుందేటి?

సీటీ విని పడవోడు ఏదో ప్రమాదమనుకుని తాడు ఒక్క లాగుడు లాగి ఇంజను స్టార్ట్ చేసేశాడు. ఇంక చూడు, పొగ, నురగ. వెనక మరో నాలుగు ఉన్నాయట, అన్నీ పోయాయి. రెండు గంటలు తిరిగాం. పడవోడు పాపం నాకో బీడీ కూడా ఇచ్చాడు. తిట్టుంటే బాగుండేది.

ఒడ్డు కనపడుతుండగా ఆవిడ నా చెయ్యి తట్టింది. "చూశానులే," అంది. "ఎంత తెల్లగా ఉందో! నువ్వు చెప్పినట్టే ఉంది."

గుంటా, అది బూడిద రంగు. మన చిమ్నీ పొగ కన్నా ముదురు. తెల్లది నా కోతల్లోనే ఉంది.

ఈ దీపావళికి ప్రమిద వెలిగించి ముందు పెడితే, ఎటువైపు పెట్టావని అడిగింది. అంతే, ఆ కాసింత చూపూ అయిపోయింది. అరవై టన్నులు ఆపినోణ్ణి, ఒక్క చేపని ఆపలేకపోయాను. చేప కాదులే అంటావు, నాకూ తెలుసు. ఇప్పుడు ఈ క్వార్టర్ల లైనులో నా మాట ఎవడూ నమ్మడు గానీ, ఆవిడ తెల్ల డాల్ఫిన్ని చూసిందంటే అందరూ నమ్ముతారు. నేనూ పక్కన కూచుని తలూపుతాను.

ఏటలా చూస్తావు? నమ్మవా? ఆవిడ చూసింది. కావాలంటే సాక్షి ఉంది, వంటింట్లో తడుముకుంటా చింతపండు డబ్బా వెతుకుతోంది, వెళ్ళి అడుగు. పేరు పైడమ్మ.