ఏడో నంబరు సెన్సార్ చెప్పిన మాట

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షులైన చీఫ్ ఇంజనీరు గారికీ, నాకు పని నేర్పిన పెద్దలకూ, ఇన్నేళ్లూ నా చేత తిట్లు తిన్న మిత్రులకూ నమస్కారం. (నవ్వులు)

ముందు మాట్లాడినవాళ్లందరూ నది మీది పాత వంతెనను నేనే కాపాడానన్నారు. అబద్ధమెందుకు, వింటుంటే ఒళ్లు పులకరించింది! కానీ ముప్ఫైనాలుగేళ్లుగా సుత్తితో కొట్టి, చప్పుడు విని వంతెనల ఆరోగ్యం చెప్పినవాణ్ణి కదా, ఆ వంతెనకు అరవై సెన్సార్లు అతికించిన రోజున "మనకు తెలియనిది ఈ బిళ్లలకు తెలుస్తుందా?" అన్నదీ నేనే. స్టోర్‌కీపరు గారు ముసిముసిగా నవ్వుతున్నారు, ఆయనకు అంతా తెలుసు.

రోజూ ఎండెక్కేసరికి ఏడో నంబరు సెన్సార్ ఇనుప దూలంలో ఒత్తిడి పెరుగుతోందని చూపించేది. సెన్సార్ పాడైందని మార్పించాను. కొత్తదీ అదే చెప్పింది. దాన్నీ మార్పించాను. మూడోదీ అదే పాట. అప్పుడు సెన్సార్ల లెక్కలు చూసే కొత్త ఇంజనీరు, మనం 'గ్రాఫులమ్మ' అని పిలుచుకునే అమ్మాయి, "ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబుతుంటే సాక్షుల్ని మారుస్తారేంటి సార్? ఒక్కసారి కిందికి దిగి చూద్దాం" అంది. మీలో సగం మంది ఎదుటే, "నిన్నగాక మొన్న వచ్చి నాకు నేర్పుతావా?" అని అరిచాను.



ఆమె నడుముకు తాడు కట్టుకుని తనే దిగింది. ఎండకు సాగే దూలం కాస్త జరగడానికి స్తంభం మీద బేరింగు ఉంటుంది. అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. జరగలేని దూలం తోస్తుంటే స్తంభం తలలో వేలు దూరేంత పగులు! ఆ గంటలోనే రాకపోకలు ఆపించాం. మరమ్మతు జరిగిన నెలన్నరా ఊరంతా మనల్ని తిట్టిపోసింది. రిపోర్టు నా పేరు మీద వెళ్లింది, మెప్పు నాకొచ్చింది, నేను నోరు మెదపలేదు. అది తప్పు. రెండేళ్లుగా నాకు సిగ్గుగానే ఉంది.

అయినా ఇవాళ గర్వంతోనే వెళ్తున్నాను. నా మనవరాలి బడి బస్సు రోజూ ఆ వంతెన మీదుగానే పోతోంది. నేను అరిచినా బెదరని ఇంజనీరు ఒకరు ఈ ఆఫీసులో ఉన్నారు. ఇంతకన్నా ఏం కావాలండీ?

ఇవాళ పొద్దున, ఉద్యోగంలో నా ఆఖరి సంతకం ఆ రిపోర్టు సవరణ మీదే పెట్టాను. వంతెన లోపం కనిపెట్టింది ఎవరో అందులో పేరుతో సహా రాశాను. చివరి వరసలో కూర్చున్నావేంటమ్మా, ఒకసారి లే. అందరి ముందూ అరిచాను, అందరి ముందే అడుగుతున్నాను, నన్ను క్షమించు.

(చప్పట్లు)

నన్ను ఇన్నాళ్లు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ చప్పట్లు ఆపకండి, రెండేళ్లు ఆలస్యమైంది. నాకిక సెలవు.