వంతెన దాటిన పాస్టీలు

ఆర్విడ్ కంగాస్ గొంతు సవరించుకున్నాడంటే పక్కింటివాళ్ళు కూడా కుర్చీలు మోసుకుని వచ్చేసేవారు. హాంకాక్ ఊళ్ళో ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు తోలినవాడు. వెనకాల నలభై మంది పిల్లలు రచ్చ చేస్తుంటే వాళ్ళని కూర్చోబెట్టడానికి కథలు మొదలుపెట్టాడు. రిటైరయ్యాక బస్సు పోయింది, కథలు మాత్రం అతన్ని వదల్లేదు.

ఏటా జూన్‌లో కంగాస్ వాళ్ళంతా సరస్సు ఒడ్డున ఉన్న చెక్క ఇంట్లో కలుస్తారు. ఆ మధ్యాహ్నం ఆవిరి స్నానాలు అయ్యాయి. ఎర్రబడ్డ మొహాలతో, తడి తలలతో అందరూ వసారాలోకి వచ్చి కాఫీలు పోసుకున్నారు. మార్లీస్ మాత్రం కాఫీ పక్కనపెట్టి యాలకుల రొట్టె కోస్తోంది. ఆర్విడ్‌కి ఆమె ఒక్కతే కూతురు. ఇవాళ నాన్నతో ఒక మాట చెప్పి తీరాలని ఆమె ఇంటి దగ్గరే అనుకుని వచ్చింది.

ఆ ఇంట్లో ఓ ఆనవాయితీ ఉంది. ఆర్విడ్ వాళ్ళమ్మ హెల్మీ చెల్లెలు లెంపీ పెళ్ళి చేసుకుని జలసంధి మీది పెద్ద వంతెన అవతలికి, దక్షిణాన సాగినా ఊరికి వెళ్ళిపోయింది. ఆ ఏడు నుంచీ ప్రతి ఫిబ్రవరిలో చెల్లెలి పుట్టినరోజుకి హెల్మీ పన్నెండు పాస్టీలు చేసి పంపేది. మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, పసుపు టర్నిప్ దుంప ముక్కలు కూరి, కజ్జికాయలా మడిచి కాల్చినవి. ఒక్కోటి తినాలంటే రెండు చేతులూ కావాలి. వాటిని పోస్టులో పంపకూడదు. ఇంటి మనిషే నాలుగు వందల అరవై మైళ్ళు కారులో తీసుకెళ్ళి వేడి తగ్గకుండా చేతికివ్వాలి. హెల్మీ పోయాక చెయ్యడం మార్లీస్ వంతయింది. తీసుకెళ్ళడం మాత్రం, కారు తోలడం వచ్చినప్పటినుంచీ, ఆర్విడ్ వంతే.

పోయిన ఫిబ్రవరిలో అతని కారు రోడ్డు దిగి మంచులో కూరుకుపోయింది. ఎవరో లారీ ఆయన చూసి బయటికి లాగేసరికి మూడు గంటలైంది. ఆర్విడ్‌కి డెబ్భై అయిదేళ్ళు. చూపు ఆనడం లేదని అందరికీ తెలుసు, అతనికి తప్ప.

మార్లీస్ భర్త డ్వేన్ మోచేత్తో ఆమెని పొడిచాడు. ఆమె రొట్టె కోస్తూనే ఉండేసరికి తనే అందుకున్నాడు.

"మావయ్యా, వచ్చే ఫిబ్రవరి సంగతి ఒకసారి..."

"ఫిబ్రవరి అంటే గుర్తొచ్చింది అల్లుడూ!" ఆర్విడ్ కప్పు కింద పెట్టాడు. "మా కుక్క రుస్కోగాడితో వెళ్ళిన ఏడాది సంగతి నీకు చెప్పానా?"

"ఓ పదిసార్లు," అన్నాడు పక్క కుర్చీలోంచి ఉర్హో. అతను ఆర్విడ్‌కి చిన్నప్పటి నేస్తం. ఎవరూ పిలవకపోయినా అన్ని కథల్లోనూ వేలు పెడతాడు.

"పూర్తిగా చెప్పలేదు. అప్పటికి నాకు ముప్పై ఒకటి. అమ్మ తెల్లారకముందే లేచి పాస్టీలు కాల్చింది, ఒక్కొక్కటీ పేపర్లో చుట్టింది, ఉన్ని దుప్పట్లో మూటకట్టి వెనక సీట్లో పెట్టింది. బయట చూస్తే సున్నాకి ఇరవై డిగ్రీలు కింద, కార్లో హీటరు ముందురోజే చచ్చింది. 'ఎలారా ఇప్పుడు?' అంది అమ్మ. 'నువ్వూరుకోమ్మా' అని రుస్కోని పిలిచాను. వాడు ఎక్కి, కోడి గుడ్లని పొదిగినట్టు ఆ మూట మీద పడుకున్నాడు. దారంతా పక్కకి ఒరిగితే ఒట్టు."

"ఇక్కడిదాకా నమ్మొచ్చు," అన్నాడు ఉర్హో.

"ఇంకా ఊరు దాటలేదు, నువ్వాగు. ఊరు దాటామో లేదో మంచు మొదలైంది. మంచంటే ఇప్పటి మంచు కాదు, ఇప్పుడు పడేదాన్ని మేం దుమ్ము అనేవాళ్ళం. వైపర్లు తిరగలేక మూలుగుతున్నాయి, రేడియోలో పాడే ఆవిడ గొంతు చలికి వణుకుతోంది, రోడ్డేదో పొలమేదో తెలీదు. అప్పుడు ఏమైందో తెలుసా? రుస్కో కిటికీలోంచి తల బయటపెట్టి, ఎడమకి తిప్పాలంటే ఒకసారి, కుడికి తిప్పాలంటే రెండుసార్లు మొరగడం మొదలెట్టాడు!"

"మరి తిన్నగా వెళ్ళాలంటే?" డ్వేన్ అడిగాడు.

"తిన్నగా వెళ్ళేటప్పుడు మాట్లాడ్డం ఎందుకు? అది మీ వంతెన కిందివాళ్ళ అలవాటు."

అందరూ నవ్వారు. డ్వేన్ పుట్టింది వంతెనకి దక్షిణాన, అంటే వీళ్ళ భాషలో వంతెన కింద. పెళ్ళయి ఇరవై రెండేళ్ళైనా ఆ నేరానికి అతనికింకా మాఫీ దొరకలేదు.

"కుక్క మూట మీంచి కదల్లేదన్నావు," ఉర్హో పట్టుకున్నాడు. "తల కిటికీ దాకా ఎలా వచ్చింది?"

"మెడ సాచాడు."

"ఆ పొట్టికుక్కా? దానికి మెడే లేదు కదరా!"

"చలికి సాగింది."

"చలికి ఏదైనా ముడుచుకుంటుంది."

"అది మామూలు కుక్కలకి," అన్నాడు ఆర్విడ్, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. "ఇంతలో ఆ పాస్టీల వాసన అడవిలోకి పోయింది. అద్దంలో చూస్తే వెనకాల ఒక జింక. కాసేపాగి చూస్తే పది. ఇంకాసేపటికి నలభై రెండు."

"లెక్కపెట్టావా?"

"మలుపు దగ్గర వరసగా వచ్చాయి మరి, లెక్కపెట్టక ఏం చెయ్యను? వెనక్కి చూస్తూ తోలుతున్నానా, ముందుకి తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా దుప్పి! ఇంత ఇంత కొమ్ములు, ఆ పడవల షెడ్డు అంత ఉంది. నేను హారన్ కొట్టాను. అది నావంక చూసింది. వాసన పీల్చింది. పీల్చి ఏం చేసిందో తెలుసా? వెనక్కి తిరిగి, తల వంచి, కొమ్ములతో మంచు తోసుకుంటూ నడక మొదలెట్టింది! ముందు దుప్పి, దాని వెనక నేను, నా వెనక నలభై రెండు జింకలు. అలా నూట ఎనభై మైళ్ళు. మంచు తీసే బండివాళ్ళు రోడ్డు పక్కన ఆగి, మాకు దారిచ్చి, టోపీలు తీశారు."

మార్లీస్‌కి నవ్వాగలేదు. ఆ కథ వినే ఆమె పెరిగింది. చిన్నప్పుడు ఆ దుప్పి ఒక ఆవంత ఉండేది, జింకలు ఆరో ఏడో. నవ్వుతూనే ఆమె తండ్రిని చూసింది. అతను చెప్పేది అందరికీ, చూసేది మాత్రం ఆమెకేసి. ఏ మాట నోట్లో పెట్టుకుని వచ్చిందో నాన్నకి ముందే తెలిసిపోయిందని ఆమెకి అర్థమైంది. ఆ మాటకి చోటివ్వకూడదనే కథ ఇంత సాగుతోంది.

"వంతెన దగ్గరికొచ్చాం. చూస్తే మూసేశారు! గాలి. అవతలికి ఒక్క బండి కూడా వదలడం లేదు. టైము మూడు. పిన్ని పుట్టినరోజు భోజనానికి ఆరింటికల్లా చేరాలి. ఏం చెయ్యాలి? వంతెన వంక చూశాను. వంతెన కింద గడ్డకట్టిన నీళ్ళ వంక చూశాను. రుస్కో వంక చూశాను. వాడు తలూపాడు. దిగిపోయాను."

"మంచు మీదికా? కారుతోనా?" డ్వేన్ కుర్చీలో ముందుకి జరిగాడు. తను ఎందుకొచ్చాడో అతనికి గుర్తులేదు.

"కారు వదిలేస్తే మరి పాస్టీల్ని మీ నాన్న మోసేవాడా? దిగి, రెండు పక్కలా తలుపులు తెరిచాను, తెరచాపల్లాగా. గాలి పట్టింది. ఇంజను ఆపేశాను, పెట్రోలెందుకు దండగ. కారు ఏ వేగంతో పోయిందంటే, రుస్కో మొరిగిన మొరుగు మేం అవతలి ఒడ్డుకి చేరాక నాకు వినపడింది. అంతలో చిటపటమని చప్పుడు. ఏంటా అని చూస్తే, పాస్టీల వేడికి కారు కింద మంచు కరిగిపోతోంది! మేం దాటడం, వెనకాల అది నీళ్ళవడం. ఆగామా, మునిగామే. అలా మా వెనకాల ఏటిపాయ లాగా తెరుచుకుంటూ వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నారు నలుగురైదుగురు.

"క్రిస్మస్ నుంచీ మంచులో ఇరుక్కుపోయి ఉంది ఇనపరాయి మోసే ఓ ఓడ. ఏడు వందల అడుగులు! ఆ పాయలోకి ముక్కు తిప్పి, నా వెనకాలే బయల్దేరింది. కెప్టెన్ మూడుసార్లు కూత వేసి, 'ఏం వాసనయ్యా అది!' అని అరిచాడు. 'మా అమ్మది!' అని అరిచాను. ఆయన ఏడ్చేశాడు పాపం."

వసారా అంతా గొల్లుమంది. ఎవరో బల్లమీద చరిచారు. ఆర్విడ్ నవ్వులు తగ్గేదాకా ఆగి, గొంతు కొంచెం తగ్గించాడు.

"ఆరింటికి అయిదు నిమిషాలుండగా పిన్ని తలుపు కొట్టాను. పాస్టీలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. మొదటి ముక్కకే ఆవిడ నాలిక కాలింది. అంచేత ఫిబ్రవరి అనీ, మంచు అనీ నన్నెవరూ భయపెట్టక్కర్లేదు. అంతే కదా పిన్నీ? నాలిక కాలింది కదా?"

లెంపీ మూలనున్న ఊగే కుర్చీలో, మోకాళ్ళ మీద శాలువా కప్పుకుని ఉంది. తొంభై మూడేళ్ళు. మనవడు ఆవిణ్ణి నిన్ననే సాగినా నుంచి తీసుకొచ్చాడు. నిద్రపోతోందనుకున్నారంతా. ఆవిడ కళ్ళు తెరవకుండానే జవాబిచ్చింది.

"కాలలేదురా. గోరువెచ్చగా ఉన్నాయి. వాటిలో క్యారట్ ఉంది."

వసారాలో తలలన్నీ ఊగే కుర్చీ వైపు తిరిగాయి.

హెల్మీ ఇంట్లో క్యారట్ వేసిన పాస్టీ గడప తొక్కేది కాదు. ఒక పెళ్ళి విందులో పాస్టీలోంచి క్యారట్ ముక్క బయటపడితే ఆవిడ ఎవరితోనూ చెప్పకుండా కోటు తొడుక్కుని ఇంటికొచ్చేసింది. పెళ్ళికూతురు ఆవిడ సొంత ఆడపడుచు.

"పిన్నీ, నీకు సరిగ్గా గుర్తులేదేమో..." అన్నాడు ఆర్విడ్.

"నాకు మోకాళ్ళు పనిచెయ్యవురా, నోరు బాగానే పనిచేస్తుంది." ఆవిడ కళ్ళు తెరిచింది. "తినకముందే తెలిసిపోయింది. మా అక్క అంచు ఎడమనుంచి మడుస్తుంది. అవి కుడినుంచి మడిచి ఉన్నాయి. వంతెన దగ్గర దుకాణంలో కొన్నావు. కొని, మా అక్క పేపర్లలో చుట్టి తెచ్చావు. అవునా కాదా?"

తండ్రికి మాట దొరక్కపోవడం మార్లీస్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అతని చెవులు ఎర్రగా అయ్యాయి.

"వంతెన నిజంగానే మూసేశారు," అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా. "అది మాత్రం నిజం. రెండున్నర గంటలు. నేను కాఫీ తాగొద్దామని దిగాను. తిరిగొచ్చేసరికి రుస్కో మూట విప్పేశాడు."

"మా అక్కకి చెప్పావా?"

"అమ్మకి ఎలా చెప్పను పిన్నీ? ఆవిడ పోయేదాకా చెప్పలేదు. మరి నువ్వెందుకు చెప్పలేదు?"

లెంపీ మోకాళ్ళ మీద శాలువా సర్దుకుంది.

"మా ఆయన పోయింది ఆ ముందు నవంబరులో. మూడు నెలలు నేను ఇంట్లో ఎవరితోనూ పెదవి విప్పలేదు. నువ్వు గడ్డకట్టిన చేతుల్తో వచ్చి, కోటైనా విప్పకుండా ఈ దుప్పి సంగతీ ఓడ సంగతీ మొదలుపెట్టావు. అప్పటికది ఓడ కాదులే, పడవ. నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక నవ్వడం అదే మొదటిసారి. చెబితే మా అక్క నిన్ను మళ్ళీ పంపేదా? పాస్టీలో ఏముందో ఎవడిక్కావాలిరా?" కుర్చీ రెండుసార్లు ఊగింది. "ఇంకోటి. చచ్చేలోపు చెప్పేస్తున్నా. క్యారట్ బావుంది."

ఉర్హోకి కాఫీ పొలమారింది. డ్వేన్ అతని వీపు మీద చరిచాడు.

అందరూ నవ్వుతున్నారు గానీ ఆర్విడ్ నవ్వడం లేదు. అతను తల వంచుకుని అరచేతులు చూసుకుంటున్నాడు. మార్లీస్ రొట్టె కోసే చాకు పక్కనపెట్టి, వెళ్ళి తండ్రి పక్కన బెంచీ మీద కూర్చుంది. పొద్దుటినుంచీ దాచుకున్న మాట ఇప్పుడు తేలిగ్గా వచ్చేసింది.

"నాన్నా, ఈసారి కారు డ్వేన్ తోలుతాడు."

ఆర్విడ్ అరచేతుల్ని మోకాళ్ళకి రుద్దుకున్నాడు.

"నువ్వు పక్క సీట్లో కూర్చుంటావు. పాస్టీలు నీ ఒళ్ళోనే. నువ్వు లేకుండా అవి వెళ్ళవు, నేను చెయ్యను కూడా. తోలడం ఒక్కటే ఇక వద్దు. నువ్వు ఆ మంచులో కూర్చున్న మూడు గంటలూ నేను ఫోను దగ్గర కూర్చున్నాను నాన్నా."

అతను అల్లుడి వంక ఎగాదిగా చూశాడు.

"వంతెన కిందివాడి చేతిలో స్టీరింగా?"

"నేనూ డెబ్భై ఏళ్ళుగా వంతెన కిందే ఉంటున్నాను," అంది లెంపీ.

ఆర్విడ్ జేబులోంచి తాళాలు తీశాడు. ఓసారి వాటిని చేతిలో తూచినట్టు చూసి, బల్ల మీద డ్వేన్ కప్పు పక్కన పెట్టాడు. "ఫిబ్రవరిలో తెల్లారేసరికి బయల్దేరాలి," అన్నాడు గట్టిగా. "నువ్వు ఆలస్యంగా లేస్తావు, నాకు తెలుసు."

"లేస్తాను మావయ్యా."

మార్లీస్ తండ్రి భుజం మీద తల ఆనించింది. ఎవరో మళ్ళీ కాఫీ పోశారు. రొట్టె పళ్ళెం చేతులు మారింది. అంతా సర్దుకుందనుకుంటుండగా లెంపీ కుర్చీ ఆగింది.

"ఒరేయ్ ఆర్విడూ. ఆ కుక్క నా ఒళ్ళో పట్టేది. పన్నెండు పాస్టీలు అది ఎలా తిందిరా?"

ఆర్విడ్ ఎంతో శ్రద్ధగా రొట్టెకి వెన్న రాయడం మొదలుపెట్టాడు.

"పన్నెండెక్కడ పిన్నీ, మూడు."

"మరి తక్కిన తొమ్మిదీ?"

"వంతెన రెండున్నర గంటలు మూసేశారన్నాను కదా," అన్నాడు.