పగిడయ్య దమ్ము

పగిడయ్య నోరు తెరిస్తే హాతీరాం చాయ్ గిన్నె కింద మంట తగ్గిస్తాడు. కథ అయ్యేదాకా ఎవరూ లేవరని అతనికి తెలుసు. అది రెండువేల ఏడు, ఇప్పపూలు రాలే రోజులు. బడి వదిలాక బూర్గంపాడు రోడ్డు మీది అతని చాయ్ కొట్టు బెంచీ మీద నేను, నా పక్కన అడవిలో పూలేరుకునే చిన్నక్క, ఎదురుగా పగిడయ్య. ఎల్లుండి ఆయన ఖమ్మం దవాఖానాకు పోవాలి. పేగులో గడ్డ ఉంది, కోసి తీస్తామన్నారు. ఆయన మాత్రం గడ్డ సంగతి వదిలేసి దమ్ము సంగతి ఎత్తుకున్నాడు.

"డాక్టరమ్మ ఏమన్నదంటే సారూ, 'పగిడయ్యా, ఇప్పుడే మత్తిస్తే నీ పానం తట్టుకోదు, ముందు దమ్ము పెంచాలె. ఒక్క నిమిషం రొప్పొచ్చేటట్టు ఉరుకు, రెండు నిమిషాలు మెల్లగ నడువు, మళ్ల ఉరుకు. నెల దినాలకు గట్ల ఎనిమిది సార్లు కూలబడకుండ చేసి రా, అప్పుడు కత్తి పడత' అన్నది. నాకు గడియారమేడిది? పొద్దుగాల చిన్నక్క ఇప్పచెట్ల వరుస పట్టిన. చెట్టు దాక ఉరుకుడు, దాని చుట్టు మెల్లగ తిరుగుడు, మళ్ల ఇంకో చెట్టుకు ఉరుకుడు. ఒక చెట్టుకు ఒకసారి లెక్క. మొదటి దినమే ఎనిమిది చేసిన, చెమట కూడ పట్టలే."

"మంచిదే" అన్నాను.

"మంచిదేంది సారూ, వారం తిరిగేసరికి రోడ్డెక్కితే కొత్తగూడెం బస్సు పక్కకు జరిగి దారిచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటి చెట్టు కాడ ఒక పువ్వు కొమ్మను ఇడిసింది. నేను ఎనిమిదో చెట్టు దాక పోయి మళ్లొచ్చిన. అది ఇంక నేలకు రాలే. తెల్లగ, ఊగుకుంట, గాలిలనే దిగుతున్నది. నోరు తెరిసిన, నోట్లె పడ్డది."

"తియ్యగున్నదా అన్నా?" అన్నాడు హాతీరాం.

"తేనె. మూడో వారం కాలు నేలకానలే. ఇప్పపువ్వు వాసన ఉంటది చూడు, అది నా సంకల కింద చెయ్యి పెట్టి పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తింది. కింద టేకు చెట్ల తలలు, మంచు, ఎక్కడ్నో కోడి కూస్తే దూదిలెక్క మెత్తగ వినొస్తున్నది. గట్లనే గోదావరి దాటిన. అవతలి ఒడ్డు మీద దిగి చూస్తె నా నీడ రాలే. ఇసుకల కూసొని దాని కోసం ఆగిన. పాపం, ఈదుకుంట వచ్చింది."

"నీడ తడుస్తదా?" నవ్వాడు హాతీరాం.

"తడిసింది కాబట్టే కాసేపు ఎండల ఆరబెట్టిన. అప్పుడు ఒక్క దమ్ము పీల్చిన సారూ, నది మీది మంచంత నా ఛాతిలకు వచ్చింది. భద్రాచలంల ఆ దినం గంట ముందు తెల్లారింది. ఎంతసేపని పట్టుకుంట? చండ్రుగొండ ఊరి మీద ఇడిసిన. కల్లాల మీది మిరపకాయలు తడిసి రైతులు నన్ను తిట్టుడే తిట్టుడు. ఆ ఊపిరితోటే గడ్డ కూడ బయటికొచ్చింది. గింతది, తెల్లగ, పువ్వోలె. మబ్బులల్ల పడి పోయింది. అందుకే ఎల్లుండి ఖమ్మం పోనంటున్న. లేని గడ్డను ఎట్ల కోస్తరు?"

అంతవరకూ నవ్విన హాతీరాం నవ్వు ఆపేశాడు.

చిన్నక్క గ్లాసు కింద పెట్టింది. "తమ్మీ, పూలు కనవడాలని నా చెట్ల కింద ఆకంత ఊడ్చి కాలవెట్టిన. ఆ బూడిదల పిట్ట దిగినా గుర్తు పడతది. పూల దినాలల్ల ఒకరి చెట్ల కింద ఇంకొకరు కాలు పెట్టరు. నీ ఒక్కనికే ఒప్పుకున్న. రోజూ నీ అడుగులు చూసినంకనే పూలేరుత."

"నేను గాలిల పోతి గదక్కా..."

"మొదటి దినం రెండో చెట్టు కాడ కూలబడ్డవ్. కూసున్న గుర్తు గంపంత ఉండె. వారానికి నాలుగో చెట్టు కాడ. ఇయ్యాల ఏడు చెట్లు తిరిగినంక కూసున్నవ్."

పగిడయ్య తన పాదాల వంక చూసుకున్నాడు.

"ఏడే గదా" అన్నాడు మెల్లగా. "డాక్టరమ్మ ఎనిమిదన్నది. ఆ ఒక్కటి తక్కువై మత్తుల నుంచి లేవకపోతె? అందుకే పోబుద్ధి కాలే."

"రెండు చెట్లకే కూలబడ్డోనివి ఏడు దాక వచ్చినవ్. అది చాలక బస్సు, గోదావరి ఎందుకు నీకు?"

ఆయన తలెత్తాడు. "అక్కా, ఖమ్మం పోయి ఎనిమిది అని చెప్తె ఏమైతది?"

"చెప్పు" అంది చిన్నక్క లేచి గంప చంకనేసుకుంటూ. "రేపు పొద్దుగాల ఎనిమిదో చెట్టు కింద పూలేరుతుంట. ముందు ఆడిదాక ఉరికొచ్చి నాకు చెప్పు."